డిఫెన్స్‌లో ఆల్‌టైమ్ గ్రేట్ బాస్కెట్‌బాల్ సెంటర్లు: నా లిస్టు ఇదీ, కొట్టుకుందాం రండి

రింగుకింద రాజు:
తెల్లారుజామున అలారం పెట్టుకుని ఎన్‌బీఏ (అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్) మ్యాచ్ చూసి, కళ్లు నలుపుకుంటూ ఆఫీసుకెళ్లే బ్యాచ్ అంతా ఇక్కడే ఉంది కాబట్టి అడుగుతున్నా. పాయింట్లు, డంకులు పక్కన పెట్టేయండి. రింగు కింద నిలబడి అవతలి టీమ్‌కి పట్టపగలే చుక్కలు చూపించిన సెంటర్లలో (రింగు కాసే పొడుగు ఆటగాళ్లలో) మొనగాడెవరు?

నా వరస ఇది: హకీమ్ ఒలాజువాన్, బిల్ రస్సెల్, డికెంబే ముటొంబో, డేవిడ్ రాబిన్సన్, బెన్ వాలెస్, మార్క్ ఈటన్, కరీం అబ్దుల్ జబ్బార్, డ్వైట్ హోవార్డ్, అలొంజో మోర్నింగ్, పదో చోట రూడీ గొబేర్.

హకీమ్‌ని పైన పెట్టడానికి పెద్దగా ఆలోచించక్కర్లేదు. కెరీర్‌లో 3,830 బ్లాకులు (అవతలివాడి షాట్‌ని గాల్లోనే ఆపడం). ఇప్పటికీ అదే రికార్డు. రెండో స్థానంలో ఉన్న ముటొంబో 3,289 దగ్గర ఆగిపోయాడు. పైగా హకీమ్‌కి 2,162 స్టీల్స్ (అవతలివాళ్ల నుంచి బంతి లాక్కోవడం) ఉన్నాయి. సెంటర్‌కి అన్ని స్టీల్స్ ఏంటి బాబూ! 1988-89 ఒక్క సీజన్‌లో 282 బ్లాకులు, 213 స్టీల్స్. ఒకే సీజన్‌లో రెండూ 200 దాటించినవాడు ఇంకొకడు లేడు. ఇక మీ ఇష్టం.

పాత సెల్టిక్:
రాజు గారూ, రస్సెల్‌ని రెండో చోట చూసి కాఫీ గొంతుకి అడ్డం పడింది. బోస్టన్ సెల్టిక్స్‌కి ఆడి 13 సీజన్లలో 11 టైటిళ్లు. ఏడో మ్యాచ్ దాకా వెళ్లిన సిరీస్‌లు పది ఆడాడు, ఆ పది ఏడో మ్యాచ్‌లూ గెలిచాడు. బ్లాకులెన్ని అంటారా? ఎన్‌బీఏ బ్లాకులు లెక్కపెట్టడం మొదలెట్టిందే 1973-74లో. ఆయన రిటైరైంది 1969లో. ఆ కాలపు ఇంకో పెద్ద సెంటర్ విల్ట్ చాంబర్లేన్ కూడా సరిగ్గా 1973లోనే ఆపేశాడు. కాటా లేని రోజుల్లో అమ్మిన ధాన్యానికి ఇప్పుడు తూకం చీటీ తెమ్మంటే ఎక్కణ్నుంచి తెస్తాం?

ఐదో ఫౌల్:
మొదలైంది. పాప్‌కార్న్ కాదు, మరమరాలు తెచ్చుకుని కూర్చున్నా.

లెక్కల మాస్టారు:
టైటిళ్లతో కొట్టకండి సార్. ఆయన వచ్చేనాటికి లీగ్‌లో ఉన్నవే 8 టీములు. పక్కన బాబ్ కూజీ, శామ్ జోన్స్, తర్వాత జాన్ హావ్లిచెక్ లాంటి మొనగాళ్లు. అయినా మీ వైపు మంచి సాక్ష్యం ఒకటుంది, మీరే వాడుకోలేదు. 1968-69లో బోస్టన్ 48 గెలిచి 34 ఓడింది. రస్సెల్ వెళ్లిపోయిన మరుసటి ఏడాది 34 గెలిచి 48 ఓడింది. అంకెలు అద్దంలో చూసినట్టు తిరగబడ్డాయి. (శామ్ జోన్స్ కూడా అదే ఏడాది రిటైరయ్యాడు. మొత్తం రస్సెల్ ఖాతాలోనే వేసేయకండి.)

ఇంకోటి. అప్పటి స్కోర్‌షీట్లు పట్టుకుని ఏ టీమ్ చేతికి బంతి ఎన్నిసార్లు వచ్చిందో అంచనా కట్టినవాళ్లున్నారు. ఆ లెక్కన బోస్టన్ ఎటాక్ కొన్నేళ్లు లీగ్‌లో అట్టడుగున ఉంది. డిఫెన్స్ మాత్రం దాదాపు ప్రతి ఏడూ ఒకటో నంబర్. పాయింట్లు ఎక్కువ కనబడేది వాళ్లు పరుగులు పెట్టి ఆడేవారు కాబట్టి. గెలిపించింది రెండో వైపు.

హ్యూస్టన్ బాబాయ్:
మీరంతా లెక్కలు చెబుతున్నారు, నేను చూసింది చెబుతా. 1992లో హకీమ్ ఆడే ఈ హ్యూస్టన్‌కి వచ్చా. 1994 ఫైనల్స్, న్యూయార్క్ మీద. ఆరో మ్యాచ్ నాటికి మేం 3-2తో వెనకబడి ఉన్నాం. స్కోరు 86-84, ఆధిక్యం మాదే. బంతి న్యూయార్క్ గార్డ్ (బయట బంతి నడిపేవాడు) జాన్ స్టార్క్స్ చేతిలో. నాలుగో క్వార్టర్ అంతా వాడు దంచుతూనే ఉన్నాడు. త్రీ (దూరపు గీత బయటి నుంచి వేసే మూడు పాయింట్ల షాట్) పడితే టైటిల్ వాళ్లది. వాళ్ల సెంటర్ ప్యాట్రిక్ ఈవింగ్ వచ్చి స్క్రీన్ పెట్టాడు, అంటే దారికి అడ్డం నిలబడ్డాడు. స్టార్క్స్‌ని కాస్తున్న మా గార్డ్ ఆగిపోయాడు. హకీమ్ ఏం చేయాలి? మామూలు సెంటర్ అయితే వెనక్కి వెళ్లి రింగు కాసుకుంటాడు. ఈయన ఈవింగ్‌ని వదిలేసి ఎడమ వైపు త్రీ లైన్ దాకా స్టార్క్స్ మీదికి దూకాడు. వేళ్ల కొసలు తగిలాయి, అంతే. బంతి రింగుకి చాలా ముందే పడిపోయింది.

మా అపార్ట్‌మెంట్‌లో ఐదుగురం ఒకే సోఫా మీద ఉన్నాం. సోఫా కాలు విరిగింది. అద్దె సోఫా అది.

ఏడడుగుల మనిషి గార్డ్‌ని త్రీ లైన్ దగ్గర ఆపడం ఆ రోజుల్లో ఎక్కడ చూశాం? చిన్నప్పుడు లాగోస్‌లో హ్యాండ్‌బాల్ ఆడాడట, ఫుట్‌బాల్ గోలీగా కూడా. ఆ కాళ్లు అక్కణ్నుంచి వచ్చినవే. అదే ఏడాది ఎంవీపీ (సీజన్‌లో బెస్ట్ ఆటగాడు), డిఫెన్స్ అవార్డు, ఫైనల్స్ ఎంవీపీ మూడూ పట్టుకెళ్లాడు. అలా మూడూ ఒకే సీజన్‌లో తీసుకున్నవాడు అప్పటిదాకా లేడు.

ఐదో ఫౌల్:
బాబాయ్, ఐదో మ్యాచ్ సంగతి కూడా చెప్పు. హత్య కేసులో ఇరుక్కున్న అమెరికన్ ఫుట్‌బాల్ మాజీ స్టార్ ఓజే సింప్సన్ తెల్ల కారు వెనక పోలీసులు పడితే, టీవీలో మ్యాచ్‌ని చిన్న డబ్బాలోకి నెట్టేశారు కదా?

హ్యూస్టన్ బాబాయ్:
గుర్తు చేయకురా. ఫైనల్స్ చూస్తుంటే మధ్యలో హైవే చూపించారు. ఆ మ్యాచ్ ఓడిపోయాం కాబట్టి ఇప్పుడు క్షమించేశా.

సిమెంటు కోర్టు:
నేను 6 అడుగుల 3 అంగుళాలు. మన ఇంటర్ కాలేజ్ టోర్నమెంట్లలో అది సెంటర్ హైటే, నవ్వకండి. బ్లాకుల లెక్క మీద నాకు నమ్మకం ఎందుకు పోయిందో చెబుతా.

ఫైనల్. సిమెంటు కోర్టు, ఏప్రిల్ ఎండ, షూ అడుగు మెత్తబడే వేడి. ఒక్క పాయింట్ ఆధిక్యం మాది. ఆఖర్లో వాళ్ల గార్డ్ లే అప్‌కి (రింగు దగ్గరకొచ్చి వేసే తేలిక షాట్) వచ్చాడు. ఎగిరి అరచేత్తో ఒక్కటి పీకా. బంతి కోర్టు దాటి, గేటు దగ్గర చెరుకురసం బండి చక్రానికి తగిలి ఆగింది. జనం ఈలలు. మా వాళ్లొచ్చి వీపు చరుస్తున్నారు. నేను ఛాతీ విరుచుకుని జనం వైపు చూస్తున్నా. బంతి బయటికి పోయింది కదా, రిఫరీ వాళ్లకే ఇచ్చాడు. సైడ్ నుంచి త్రో. ఇంకా 4 సెకన్లున్నాయి. నా వెనక నుంచి ఒకడు దూరాడు. రెండు పాయింట్లు. మ్యాచ్ అయిపోయింది.

కోచ్ తిట్టలేదు. బస్సులో పక్కన కూర్చుని "బ్లాక్ బాగుంది. బంతి మనకి రాలేదు" అన్నాడు. ఇంటి దాకా ఇంకో మాట లేదు.

పాత సెల్టిక్:
సిమెంటు కోర్టు గారూ, మీ కోచ్‌కి నా నమస్కారం. రస్సెల్ గొప్పతనం సరిగ్గా అక్కడే ఉంది. విల్ట్ కొడితే బంతి గ్యాలరీలోకి పోయేది, జనం ఊగిపోయేవారు. రస్సెల్ చరచడు, తడతాడు. బంతి పైకి లేచి తన చేతిలోకో, పక్కనున్న కూజీ చేతిలోకో పడేది. అవతలివాళ్లు వెనక్కి తిరిగే లోపే ఆ చివర లే అప్ అయిపోయేది. అది ఒక బ్లాక్ కాదు. వాళ్ల రెండు పోయాయి, మనకి రెండు వచ్చాయి.

1957 ఫైనల్స్ ఏడో మ్యాచ్ ఎవరైనా చదివారా? సెయింట్ లూయిస్ హాక్స్ మీద. రస్సెల్‌కి అది మొదటి సీజన్, మెల్‌బోర్న్ ఒలింపిక్స్ ఆడి డిసెంబర్‌లో టీమ్‌లో చేరాడు. మామూలు ఆట చివరి నిమిషం, బోస్టన్ ఒక్క పాయింట్ ముందుంది. హాక్స్ ఆటగాడు జాక్ కోల్‌మన్‌కి కోర్టు మధ్యలో బంతి దొరికింది, ముందు ఎవరూ లేరు. రస్సెల్ అవతలి చివర బేస్‌లైన్ దగ్గరున్నాడు. అక్కణ్నుంచి మొత్తం కోర్టు పరిగెత్తుకొచ్చి ఆ షాట్ ఆపాడు. మ్యాచ్ రెండు ఓవర్‌టైమ్‌లు నడిచి 125-123తో బోస్టన్ గెలిచింది. అది బోస్టన్‌కి మొట్టమొదటి టైటిల్. అప్పటిదాకా కూజీ ఉన్నా ఒక్కటి రాలేదు.

రింగుకింద రాజు:
సరే, ఒప్పుకుంటున్నా, కదులుతున్నా. కానీ పూర్తిగా కాదు. రస్సెల్ కాలంలో త్రీ లైనే లేదు. అది 1979-80లో వచ్చింది. అందరూ రింగు దగ్గరకే వచ్చేవారు. సెంటర్‌కి వాకిట్లో కూర్చుని కాపలా కాసే పని. హకీమ్‌కి వాకిలీ, పెరడూ రెండూ కాయాల్సొచ్చింది.

సాల్ట్‌లేక్ శ్రీను:
అన్నలూ, పాత పురాణం తర్వాత. గొబేర్ పదో చోటా? నాలుగు డిఫెన్స్ అవార్డులురా నాయనా. 2018, 2019, 2021, 2024. నాలుగు తీసుకున్నవాళ్లు ముటొంబో, బెన్ వాలెస్, గొబేర్, అంతే. మిగతా ఇద్దరినీ మూడు, ఐదు చోట్ల పెట్టి మావాణ్ని చిట్టచివర బెంచీలో కూర్చోబెట్టారు. 2013 డ్రాఫ్ట్‌లో (టీములు కొత్త ఆటగాళ్లని వరసగా ఎంచుకునే చోట) 27వ పిక్. ఎవరూ పట్టించుకోనివాణ్ని ఇప్పటికీ ఎవరూ పట్టించుకోరు.

ఐదో ఫౌల్:
టెరెన్స్ మాన్. 39 పాయింట్లు.

సాల్ట్‌లేక్ శ్రీను:
తెలుసు, ఎవడో ఒకడు ఆ పేరు తెస్తాడని. టైప్ చేసుకుని కాపీ పెట్టుకున్నావా?

సిమెంటు కోర్టు:
శ్రీనూ, ఆ మ్యాచ్ మీద నేను నీ వైపే. 2021, క్లిప్పర్స్‌తో ఆరో మ్యాచ్. గొబేర్ టీమ్ యూటా 25 పాయింట్ల ఆధిక్యంలో ఉండి 131-119తో ఓడింది. అందరూ గొబేర్‌ని తిట్టారు. ఒక్క ఆట తీసుకుని మెల్లగా చూడు.

క్లిప్పర్స్ సెంటర్ లేకుండా ఐదుగురు షూటర్లని దింపారు. యూటా వాళ్లు గొబేర్‌కి మాన్‌ని కాసే పని అప్పజెప్పారు. మాన్ కార్నర్‌లో నిలబడ్డాడు. పైన క్లిప్పర్స్ గార్డ్ డ్రిబుల్ చేసి, తన ముందున్న యూటా గార్డ్‌ని ఒక్క అడుగుతో దాటేశాడు. ఇప్పుడు రింగు ఖాళీ. గొబేర్ రింగు దగ్గరకి పోతే కార్నర్ ఖాళీ. కార్నర్‌లోనే ఉంటే లే అప్. రింగు దగ్గరకే పోయాడు, పోవాల్సిందే కూడా. బంతి కార్నర్‌కి పోయింది, త్రీ. ఇదే సినిమా పదిసార్లు. ఇంటి గోడ కూలిపోతే తలుపుకి తాళం వేయలేదని కాపలావాణ్ని తిట్టినట్టుంది.

హ్యూస్టన్ బాబాయ్:
అదే చోట హకీమ్ ఉంటే కార్నర్‌కి కూడా చేరేవాడు అని నేనంటా.

సిమెంటు కోర్టు:
బాబాయ్ గారూ, ఒక్కోసారి చేరేవాడు. పదికి పది అయితే నేను నమ్మను. 1994లో గోదాంలో ఉన్నంత జనం రింగు కింద ఉండేవారు. ఇప్పుడు పొలం అంత ఖాళీ.

ఐదో ఫౌల్:
మరి 2024లో డాలస్ మీద రెండో మ్యాచ్? అక్కడ కార్నర్ లేదు, గోడ లేదు. లూకా డాంచిచ్ ఎదురుగా ఒక్కడే గొబేర్. వెనక్కి అడుగేసి త్రీ కొట్టాడు, 109-108.

సాల్ట్‌లేక్ శ్రీను:
అది కొట్టింది లూకా. ఎవరి మీదైనా కొడతాడు. నేను సైన్ అవుట్ అవుతున్నా, మళ్లీ వస్తా.

పివట్ పద్మ:
ఇంత పొడుగు చర్చలో ఒక్క ఆడమనిషి పేరు రాలేదు. సిల్వియా ఫౌల్స్, 6 అడుగుల 6 అంగుళాలు. డబ్ల్యూఎన్‌బీఏ (ఆడవాళ్ల లీగ్) డిఫెన్స్ అవార్డు నాలుగుసార్లు: 2011, 2013, 2016, 2021. మొదటికీ చివరికీ పదేళ్ల తేడా! మోకాళ్లు అరిగిపోయే వయసులో మళ్లీ తీసుకుంది. మిన్నెసోటాతో 2015, 2017 టైటిళ్లు గెలిచి రెండుసార్లూ ఫైనల్స్ ఎంవీపీ. నేను స్కూల్ టీమ్‌లో పివట్ (సెంటర్‌కి ఇంకో పేరు) ఆడిన రోజుల్లో మా పీఈటీ సారు "పొడుగమ్మాయివి, చేతులు పైకెత్తి నిలబడు చాలు" అనేవారు. ఫౌల్స్ వీడియోలు చూశాకే నాకు తెలిసింది, చేతులు కాదు, ముందు కాళ్లు వెళ్లాలని.

రింగుకింద రాజు:
పద్మ గారూ, తప్పైపోయింది. ఫౌల్స్‌కి విడిగా ఒక చర్చ మీరే మొదలెట్టండి, మొదటి లైక్ నాదే.

పివట్ పద్మ:
విడిగా ఎందుకు? ఇక్కడే ఉంటుంది.

లెక్కల మాస్టారు:
పద్మ గారికి నా ఓటు. ఇక వాలెస్, ముటొంబో సంగతి. ఇద్దరూ ఫైనల్స్‌లో లేకర్స్ సెంటర్ 'షాక్' షకీల్ ఓ నీల్‌ని ఎదుర్కొన్నారు. 2001లో ముటొంబో ఫిలడెల్ఫియాకి ఆడుతూ ఉంటే, షాక్ సగటున 33 పాయింట్లు కొట్టాడు, లేకర్స్ 4-1తో గెలిచింది. 2004లో వాలెస్ డెట్రాయిట్‌కి ఆడుతూ ఉంటే, షాక్ 26.6 కొట్టాడు, అదీ వేసిన షాట్లలో 63 శాతం లోపలికి పంపి. ఆ అంకెలే చూస్తే వాలెస్ కూడా ఏం ఆపాడనిపిస్తుంది. కానీ డెట్రాయిట్ 4-1తో గెలిచింది.

కిటుకు ఏంటంటే, షాక్ మీదికి రెండో మనిషిని అంత తేలిగ్గా పంపలేదు. 6 అడుగుల 9 అంగుళాల వాలెస్‌ని ఒంటరిగా వదిలేసి "కొట్టుకో" అన్నారు. సాయానికి ఎవరూ రాకపోతే షూటర్లెవరూ ఖాళీగా దొరకరు. లేకర్స్ ఇంకో స్టార్ కోబీ బ్రయంట్ 38 శాతం దగ్గర చిక్కుకుపోయాడు. మూడో మ్యాచ్‌లో లేకర్స్ మొత్తం కలిపి 68 పాయింట్లు. తన మనిషి 26 కొడుతుంటే సాయం అడక్కుండా నిలబడటం కూడా డిఫెన్సే. స్కోర్‌షీట్‌లో అది ఓటమిలా కనబడుతుంది. డ్రాఫ్ట్‌లో ఏ టీమూ పిలవనివాడు వాలెస్. హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి 2021లో వెళ్లాడు.

ఐదో ఫౌల్:
ముటొంబో వేలు మాత్రం ఎవరికీ రాదు. బ్లాక్ చేసి చూపుడు వేలు అటూ ఇటూ ఊపేవాడు, చిన్నపిల్లల్ని "ఊహూ, వద్దు నాన్నా" అన్నట్టు. 1994లో అతని టీమ్, ఎనిమిదో సీడ్ (ఎనిమిదో ర్యాంకు) డెన్వర్, ఒకటో సీడ్ సియాటిల్‌ని ఇంటికి పంపింది. ఐదు మ్యాచ్‌ల్లో ముటొంబోవి 31 బ్లాకులు. ఆఖర్లో బంతిని రెండు చేతుల్తో తల పైన పట్టుకుని నేల మీద వెల్లకిలా పడుకుని నవ్వుతున్న ముటొంబో... నాకు ఈ ఆట పిచ్చి పట్టించింది ఆ దృశ్యమే.

పాత సెల్టిక్:
2024 సెప్టెంబర్‌లో పోయాడు పాపం, మెదడులో కేన్సర్. కిన్షాసాలో వాళ్ల అమ్మ పేరు మీద ఆసుపత్రి కట్టించాడు.

స్పానర్ సత్తి:
నేను మెకానిక్‌ని కాబట్టి ఈటన్ గురించి నేనే రాయాలి. 7 అడుగుల 4 అంగుళాల మనిషి కార్లు రిపేరు చేసుకుంటూ ఉంటే, ఒక జూనియర్ కాలేజీ కోచ్ చూసి లాక్కొచ్చాడు. కారు కింద ఎలా పట్టేవాడో నాకు ఇప్పటికీ అర్థం కాదు. తర్వాత ఒకరోజు జిమ్‌లో చిన్న గార్డుల వెంట పరిగెత్తలేక ఆయాసపడుతుంటే విల్ట్ చాంబర్లేన్ పక్కకి పిలిచి, నువ్వు వాళ్లని ఎప్పటికీ పట్టుకోలేవు, రింగు ముందు నిలబడు, వాళ్లే నీ దగ్గరకి వస్తారు అన్నాడని ఈటన్ చెప్పుకునేవాడు. 1984-85లో 456 బ్లాకులు. ఒక సీజన్‌కి అదే రికార్డు.

లెక్కల మాస్టారు:
సత్తి గారూ, కథ బాగుంది. కానీ 2001-02 నుంచి డిఫెండర్ ఎవరినీ కాయకుండా రింగు ముందు మూడు సెకన్లకి మించి ఉండకూడదు. విల్ట్ సలహా ఇప్పుడు పాటిస్తే ఈలలే ఈలలు.

దోమలగూడ డంకర్:
ఆలస్యంగా వచ్చా, ఒక్క మాట. 2019 అక్టోబర్‌లో ముంబై వర్లీలో ఇండియానా, సాక్రమెంటో ఆడితే హైదరాబాద్ నుంచి బస్సెక్కి వెళ్లా. టీవీలో కనబడనిది అక్కడ వినబడింది. సెంటర్లు మ్యాచ్ అంతా అరుస్తూనే ఉన్నారు. ఎడమ వైపు స్క్రీన్ వస్తోంది, నువ్వు మారు, నేనున్నా అని. వెనక నుంచి మొత్తం కనబడేది సెంటర్ ఒక్కడికే కదా. అప్పటి నుంచి మార్క్ గసోల్ అంటే గౌరవం పెరిగింది. ఎగరడు, పరిగెత్తడు, పెద్దగా బ్లాకులూ లేవు. మనిషి ఎక్కడ ఉండాలో అక్కడ ఉంటాడు, నోరు మూయడు. 2013లో డిఫెన్స్ అవార్డు ఇచ్చారు. తమాషా ఏంటంటే అదే ఏడాది ఆల్ డిఫెన్సివ్ టీమ్‌లో (ఏటా ఎంచే బెస్ట్ డిఫెండర్ల జట్టు) మాత్రం రెండో టీమ్‌లోనే. అప్పట్లో అవార్డు ఓటు జర్నలిస్టులది, టీమ్ ఓటు కోచ్‌లది.

సాల్ట్‌లేక్ శ్రీను:
వచ్చేశా. అవార్డుల్ని నమ్మొద్దంటారు సరే. మరి టిమ్ డంకన్? ఆల్ డిఫెన్సివ్ టీమ్‌లో 15 సార్లు, రికార్డు. డిఫెన్స్ అవార్డు సున్నా. లిస్టులోనే లేడేం?

రింగుకింద రాజు:
డంకన్ పవర్ ఫార్వర్డ్, సెంటర్ కాదు.

హ్యూస్టన్ బాబాయ్:
శాన్ ఆంటోనియోలో రాబిన్సన్ వెళ్లిపోయాక సెంటర్ పని చేసింది ఎవరు మరి? పేరు పక్కన ఏం రాశారని కాదు, ఎక్కడ నిలబడ్డాడో చూడు.

రింగుకింద రాజు:
బాబాయ్, మీరు హ్యూస్టన్ మనిషై శాన్ ఆంటోనియోని మెచ్చుకుంటున్నారంటే ఇక నేనేం మాట్లాడను. కుర్రాడు వెంబన్యామా సంగతి కూడా ఎవరో అడుగుతారు, ముందే చెబుతున్నా: మొదటి సీజన్‌లోనే మ్యాచ్‌కి 3.6 బ్లాకులు, రూకీగా ఆల్ డిఫెన్సివ్ మొదటి టీమ్‌లోకి వెళ్లిన మొట్టమొదటివాడు. రెండో సీజన్ భుజంలో రక్తం గడ్డకట్టి 46 మ్యాచ్‌లకే ఆగింది. ఇంకా పదేళ్లు పోనివ్వండి.

మార్చిన వరస: రస్సెల్, హకీమ్, డంకన్ (బాబాయ్ పుణ్యం), వాలెస్, ముటొంబో, రాబిన్సన్, గొబేర్, కరీం, ఈటన్, హోవార్డ్. మోర్నింగ్‌ని తీసేయాల్సొచ్చింది, 1999, 2000 రెండేళ్లూ అవార్డు తీసుకున్నవాణ్ని. చెయ్యి వణికింది.

పివట్ పద్మ:
ఫౌల్స్?

రింగుకింద రాజు:
ఎనిమిదో చోట ఫౌల్స్. కరీం నుంచి అందరూ ఒక మెట్టు కిందికి. హోవార్డ్ అవుట్. కరీం గారు క్షమించాలి.

సాల్ట్‌లేక్ శ్రీను:
ఏడా? పది నుంచి ఏడుకి తెచ్చి పండగ చేసుకోమంటావా? సరేలే.

సిమెంటు కోర్టు:
మాస్టారూ, ఒక సందేహం. ఆ 3,830 బ్లాకుల్లో ఎన్ని బయటికి పోయాయి, ఎన్ని సొంత టీమ్ చేతికి వచ్చాయి?

లెక్కల మాస్టారు:
స్కోర్‌షీట్‌లో దానికి గడి లేదండీ. మీ చెరుకురసం బండి చదివిన దగ్గర్నుంచి పాత మ్యాచ్‌లు పెట్టుకుని నేనే రాసుకుంటున్నా. నోట్‌బుక్‌లో రెండే గళ్లు, లోపల, బయట. 1994 ఫైనల్స్ మొదటి మ్యాచ్, రెండో క్వార్టర్ దాకా వచ్చా. మా ఆవిడ లైట్ ఆపమంటోంది.